ఇంటిల్లిపాదికీ తామర: ట్యూబు రాస్తే తగ్గుతోంది, మానితే మళ్ళీ వస్తోంది. దీనికి అసలు చికిత్స ఏమిటి?

ప్రశ్న: గాజువాక గృహిణి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో దాదాపు ఏడాదిగా తామర వదలడం లేదు. మొదట మా వారికి వచ్చింది. ఆయన ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. మందపాటి యూనిఫారం, బూట్లతో కొలిమి వేడి దగ్గర పనిచేసి, తడిసిన బట్టలతోనే ఇంటికి వస్తారు. గజ్జల్లో చిన్న మచ్చగా మొదలైనది నడుము చుట్టూ, తొడల మీదికి పాకింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండో రోజుకే దురద, ఎరుపు పోయాయి. సరే తగ్గింది కదా అని మానేస్తే వారం తిరక్కుండానే మునుపటికంటే పెద్దగా వచ్చింది. అప్పటినుంచి రాయడం, తగ్గడం, మానడం, మళ్ళీ రావడం, ఇదే తంతు.

ఇప్పుడు నాకు లంగా బొందు కట్టుకునే చోట, మా అత్తగారికి చంకల్లోను మెడ మీద వచ్చాయి. ఆమెకు షుగరు, బీపీ ఉన్నాయి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మా బాబు సంగతి. వాడికి ఏడేళ్ళు. తల వెనక భాగంలో రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిపోయింది. అది పేనుకొరుకుడు అనీ, గురివింద గింజ అరగదీసి రుద్దితే జుట్టు వస్తుందనీ అత్తగారు అంటున్నారు. నాకు ధైర్యం చాలక ఇంకా ఏమీ రాయలేదు.

ట్యూబు మీద క్లోబెటసాల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ అని నాలుగు పేర్లు ఉన్నాయి. ఇన్ని మందులు కలిసి ఉన్నా రోగం ఎందుకు పోవడం లేదు? ఇప్పుడు తామర మందులకు లొంగని రకంగా మారిందని విన్నాను, అది నిజమేనా? బాబుకు వచ్చినదీ అదేనా, లేక వేరే జబ్బా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ఎంవీపీ కాలనీ ఫార్మసిస్టు

మీరు రాసిన నాలుగు పేర్లలో మొదటిదాన్ని గురించి ముందుగా చెప్పాలి. క్లోబెటసాల్ అనేది చర్మం మీద రాసే స్టెరాయిడ్లన్నిటిలోకీ అత్యంత బలమైన వర్గానికి చెందినది. సోరియాసిస్ వంటి జబ్బులలో మందమైన మచ్చల మీద, కొద్ది కాలం, డాక్టరు పర్యవేక్షణలో వాడడానికి ఉద్దేశించిన మందు అది. గజ్జల్లాంటి పలుచని చర్మం మీద నెలల తరబడి రాయవలసినది కాదు. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ రెండూ బ్యాక్టీరియా, ప్రోటోజోవా వంటి వాటి మీద పనిచేసేవి. తామరకు కారణమైన ఫంగస్ మీద వాటికి ఏ ప్రభావమూ లేదు. అంటే ఆ ట్యూబులో మీ రోగానికి సంబంధించిన మందు టెర్బినాఫిన్ ఒక్కటే.

చట్టం సంగతి కూడా తెలుసుకోవడం మంచిది. కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్చిలో 14 రకాల పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో శాస్త్రీయమైన ఆధారం లేదన్న కారణంతో 328 మిశ్రమ మందులను నిషేధించినప్పుడు, ఆ జాబితాలో ఇటువంటి స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిపిన క్రీములు కూడా కొన్ని ఉన్నాయి. అయినా ఒక మిశ్రమం పోతే కాస్త తేడాతో మరొకటి వస్తూనే ఉంది. కౌంటరు దగ్గర నిలబడేవాడిగా చెబుతున్నాను: వచ్చినవారిలో చాలామంది ఖాళీ ట్యూబు చూపించి "ఇదే ఇవ్వండి, దీంతోనే తగ్గింది" అంటారు. చీటీ అడిగితే పక్క షాపుకు వెళ్ళిపోతారు. తగ్గినట్టు కనిపించడమే ఈ మందు ఇంతగా అమ్ముడుపోవడానికి కారణం. తగ్గినట్టు ఎందుకు కనిపిస్తుందో వైద్యులు ఎవరైనా వివరిస్తే బాగుంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. గురివింద గింజ జోలికి వెళ్ళకండి. దానిలోని అబ్రిన్ అత్యంత విషపూరితమైన పదార్థం. గోకి పుండ్లు పడిన చర్మం మీద రాసినా, నూరిన ముద్ద పొరపాటున పిల్లవాడి నోట్లోకో కంట్లోకో వెళ్ళినా ప్రమాదమే. ఇంట్లో ఉంటే పిల్లవాడికి అందకుండా తీసివేయండి.

జవాబు: చర్మవైద్యురాలు, మహారాణిపేట

గృహిణి గారూ, మీరు అడిగినవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మిమ్మల్ని చూడకుండా మందుల మోతాదు చెప్పడం సరికాదు. ఆ విషయం మీరు నేరుగా చూపించుకునే డాక్టరుకే వదిలివేస్తాను.

తామర ఫంగస్ మన చర్మపు పై పొరలోని కెరటిన్ అనే మాంసకృత్తిని తిని బతుకుతుంది. అది అక్కడ చేరిందని శరీరం గుర్తించి, రక్షణ కణాలను పంపినప్పుడు కలిగే వాపు వల్లనే మనకు ఎరుపు, దురద, చుట్టూ ఉబ్బిన అంచు కనిపిస్తాయి. మధ్యలో మామూలుగా ఉండి అంచు మాత్రం ఎర్రగా పొలుసులు కట్టడానికి కారణం ఇదే: శరీరం ఫంగస్‌ను తరుముతూ ఉంటే అది బయటి వైపుకు జరుగుతూ ఉంటుంది. స్టెరాయిడ్ రాసినప్పుడు ఈ రక్షణ చర్య అణగిపోతుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది, కాని ఫంగస్ పోదు. పైగా అడ్డుకునేవారు లేక హాయిగా పెరుగుతుంది. కాపలావాణ్ణి నిద్రపుచ్చితే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, దొంగ మాత్రం లోపలే ఉంటాడు. మీ వారికి ట్యూబు మానిన ప్రతిసారీ మచ్చ మునుపటికంటే పెద్దదిగా వస్తున్నదంటే జరుగుతున్నది ఇదే. ట్యూబులో టెర్బినాఫిన్ ఉన్నా, రెండు మూడు రోజుల్లో దురద పోగానే రాయడం మానేస్తారు కాబట్టి అది పనిచేయడానికి తగిన వ్యవధి ఎప్పుడూ దొరకదు.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. స్టెరాయిడ్ వల్ల రూపం మారిపోయి గుర్తు పట్టలేకుండా పోయిన తామరను 1968లోనే ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు బ్రిటన్ వైద్యులు వర్ణించి, దానికి టినియా ఇన్‌కాగ్నిటో, అంటే మారువేషంలో ఉన్న తామర, అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో అది అరుదైన విశేషం. ఇప్పుడు మన దగ్గర ఓపీకి వచ్చే తామర రోగులలో చాలామంది ఏదో ఒక స్టెరాయిడ్ మిశ్రమం రాసుకునే వస్తున్నారు. వలయం లోపల వలయంగా జంట అంచులు కనిపించడం, ముఖం మీద తామర మొటిమల్లా ఉండడం, గజ్జల్లో తెల్లటి, ఎర్రటి చారలు పడడం తరచుగా చూస్తున్నాం. ఫంగస్‌కు చికిత్స చేసి నయం చేయవచ్చు కాని, స్టెరాయిడ్ వల్ల చర్మం సాగి పడిన చారలు పూర్తిగా పోవు. అందుకే మీ వారి తొడల లోపలి భాగాన్ని వెలుతురులో ఒకసారి జాగ్రత్తగా చూడమని కోరుతున్నాను. చారలు కనిపిస్తే డాక్టరుకు తప్పక చెప్పండి.

ట్యూబు ఆపగానే కొన్ని రోజులపాటు దురద, ఎరుపు ఒక్కసారిగా పెరుగుతాయి. చాలామంది సరిగ్గా ఇక్కడే బెదిరిపోయి మళ్ళీ అదే ట్యూబు పట్టుకుంటారు. అణచిపెట్టిన వాపు తిరిగి రావడమే తప్ప అది రోగం ముదరడం కాదు. ఆ రోజులు గడవడానికి దురద తగ్గించే మాత్రలు ఇస్తాం.

ఇక బాబు విషయం. పేనుకొరుకుడులో శరీరపు రక్షణ కణాలే పొరపాటున వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేస్తాయి. అందులో జుట్టు ఊడిన చోట చర్మం నున్నగా, మామూలు రంగులో ఉంటుంది. పొలుసులు, దురద సాధారణంగా ఉండవు. అంచుల్లో కింద సన్నగా, పైన లావుగా ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. తల తామరలో అయితే పొట్టు రాలుతుంది, వెంట్రుకలు ఊడడం కాక మొదట్లోనే విరిగి నల్లటి చుక్కల్లా మిగులుతాయి, మెడ వెనక బిళ్ళలు కట్టవచ్చు. మీ ఇంట్లో ఇంతమందికి తామర ఉంది కాబట్టి ముందుగా అనుమానించవలసినది తల తామరనే. దీనికి పై పూత మందులు చాలవు, ఎందుకంటే ఫంగస్ వెంట్రుక లోపలికి, కుదురు దాకా వెళ్ళి ఉంటుంది. గ్రిసియోఫుల్విన్, టెర్బినాఫిన్ వంటి మందులను పిల్లవాడి బరువును బట్టి వారాల తరబడి నోటి ద్వారా ఇవ్వాలి. ఆలస్యమైతే కొందరు పిల్లల్లో ఆ చోటు మెత్తగా ఉబ్బి చీము పట్టి, తగ్గిన తరువాత కూడా మచ్చ పడి జుట్టు రాకుండా పోతుంది. మీరు ఏదీ రాయకుండా ఆగి మంచి పని చేశారు.

ఒకవేళ అది నిజంగానే పేనుకొరుకుడు అయినా భయపడనవసరం లేదు. ఒకటి రెండు చిన్న మచ్చలు చాలామందిలో ఏడాదిలోపు వాటంతట అవే తిరిగి మొలుస్తాయి. తల అంతా ఊడిపోయే తీవ్రమైన రకానికి కూడా ఇటీవల దారి దొరికింది: రక్షణ కణాల మధ్య సంకేతాలను మోసే జేఏకే అనే ఎంజైములను అడ్డుకునే బారిసిటినిబ్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2022లో పెద్దవారికోసం, రిట్లెసిటినిబ్‌కు 2023లో 12 ఏళ్ళు దాటిన వారికోసం అనుమతి ఇచ్చింది. ఏడేళ్ళ పిల్లవాడి ఒక చిన్న మచ్చకు వాటితో పని లేదు.

నలుగురూ ఒకే రోజు చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళండి. మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో చర్మవ్యాధుల విభాగం ఉంది. ప్రైవేటులో చూపించుకున్నా మంచిదే. కేవోహెచ్ పరీక్ష చేయమని అడగండి. మచ్చ అంచున ఉన్న పొలుసును మొద్దు బ్లేడుతో మెల్లగా గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేస్తే చర్మకణాలు కరిగి, ఫంగస్ పోగులు మాత్రం సూక్ష్మదర్శినిలో కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తాయి. నొప్పి ఉండదు, కొద్దిసేపట్లోనే తేలిపోతుంది.

జవాబు: మైక్రోబయాలజీ పరిశోధక విద్యార్థి

మందులకు లొంగని తామర నిజమేనా అని అడిగారు కాబట్టి ఆ భాగానికి నేను జవాబిస్తాను. నిజమే, ఇప్పుడు ప్రపంచమంతా దృష్టి పెట్టిన పరిశోధన ఇది, దీని మూలం మన ఉపఖండంలోనే ఉంది.

పదిహేను ఇరవై ఏళ్ళ కిందటి వరకు మన దేశంలో తామరకు ప్రధాన కారణం ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్. తరువాత దాని స్థానాన్ని ట్రైకోఫైటాన్ మెంటాగ్రోఫైటిస్ కుటుంబానికి చెందిన ఒక రకం ఆక్రమించింది. ఇది మనిషి నుంచి మనిషికి సులభంగా పాకుతుంది, శరీరంలో ఎక్కువ భాగాన్ని కమ్ముతుంది, ఇంట్లో ఒకరికి వస్తే అందరికీ అంటుకుంటుంది. జపాన్‌లో ఉంటున్న ఒక నేపాలీ వ్యక్తి నుంచి, ఒక భారతీయుడి నుంచి సేకరించిన నమూనాలను అక్కడి పరిశోధకులు జన్యుపరంగా పరిశీలించి, ఇది వేరే జాతి అని తేల్చి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు రోగులలో దీన్ని గుర్తించినట్టు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ప్రకటించింది; అమెరికాలో అలా అధికారికంగా వెల్లడైన మొదటి కేసులు అవే.

లొంగకపోవడం ఎలా జరుగుతుందో కూడా తెలుసు. ఫంగస్ కణపు పొరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం అవసరం. దాని తయారీలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమును టెర్బినాఫిన్ పట్టుకుని ఆపుతుంది. ఇండోటినియేలో చాలా నమూనాలలో ఈ ఎంజైము నిర్మాణంలో 397వ స్థానంలో ఉండవలసిన ఫినైల్‌అలనీన్ బదులు ల్యూసిన్ వచ్చి చేరింది. ఒక్క అమైనో ఆమ్లం మారడంతో మందు అతుక్కునే చోటు సరిపోకుండా పోయింది. ఇట్రాకోనజోల్ అదే తయారీ మార్గంలో దాని తరువాతి దశలో ఉన్న మరో ఎంజైమును అడ్డుకుంటుంది కాబట్టి, టెర్బినాఫిన్ పనిచేయని చోట కూడా అది చాలాసార్లు పనిచేస్తుంది.

ప్రయోగశాలలో చూసినది రోగుల మీద ఎలా ఉంటుందో కాశీలో చేసిన ఒక అధ్యయనం స్పష్టంగా చూపింది. 2020లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 200 మంది తామర రోగులను నాలుగు సమాన బృందాలుగా విభజించి, ఒక్కో బృందానికి ఒక్కో మందు నోటి ద్వారా ఇచ్చారు. 8 వారాలకు నయమైనవారు ఇట్రాకోనజోల్‌తో 66 శాతం, ఫ్లూకోనజోల్‌తో 42 శాతం, టెర్బినాఫిన్‌తో 28 శాతం, గ్రిసియోఫుల్విన్‌తో 14 శాతం. ఒకప్పుడు రెండు మూడు వారాల టెర్బినాఫిన్‌తో ఇట్టే పోయే జబ్బు ఇది అన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు అర్థమవుతుంది. తరువాత ఢిల్లీలో ఇట్రాకోనజోల్‌ను రోజుకు 100, 200, 400 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి పోల్చి, ఆ ఫలితాలను 2022లో ప్రచురించారు. నయమయ్యే శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎక్కువ మోతాదులో కొంత త్వరగా తగ్గింది. కాని ఏ మోతాదు వాడినా నయమైనవారిలో దాదాపు సగం మందికి కొద్ది వారాల్లో తిరిగి వచ్చింది. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన ఫలితం. మందు పనిచేసిన తరువాత కూడా జబ్బు తిరిగి వస్తున్నదంటే, అది ఇంట్లోని మరొకరి చర్మం నుంచో, బట్టల నుంచో, పూర్తిగా చావకుండా మిగిలిన ఫంగస్ నుంచో వస్తూ ఉండాలి. మోతాదు పెంచినంత మాత్రాన ఈ దారులు మూసుకుపోవు.

అయితే తగ్గని ప్రతి తామరా మొండి ఫంగస్ వల్లనే అనుకోకూడదు. స్టెరాయిడ్ వాడకం, మధ్యలో మందు మానడం, ఇంట్లో ఒకరు చికిత్స తీసుకుని మిగిలినవారు తీసుకోకపోవడం, ఈ కారణాలే చాలా ఇళ్ళలో సరిపోతాయి. చికిత్స సక్రమంగా తీసుకున్నా తగ్గనప్పుడు కల్చర్ పెట్టి, అంటే పొలుసులోని ఫంగస్‌ను ప్రయోగశాలలో పెంచి, అది మందులకు లొంగుతుందో లేదో పరీక్షించాలి. కల్చర్‌లో ఫంగస్ పెరగడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి ఓపిక పట్టాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన: గాజువాక గృహిణి

ఇంత శ్రద్ధగా రాసినందుకు మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మా బాబు మచ్చను ఎండలో చూశాను. డాక్టరమ్మ గారు చెప్పినట్టే పొట్టు ఉంది, విరిగిన వెంట్రుకల నల్లటి చుక్కలూ ఉన్నాయి. సోమవారం నలుగురమూ ఓపీకి వెళ్తున్నాం. గురివింద గింజల సంగతి చెప్పగానే అత్తగారు మరో మాట లేకుండా వాటిని పారేశారు.

ఇంకా కొన్ని సందేహాలు ఉన్నాయి. మా వారికి మొలతాడు ఉంది. దాన్ని తీయడం అశుభమని అత్తగారి నమ్మకం. నడుము చుట్టూ మచ్చలు సరిగ్గా ఆ తాడు వెంబడే ఉన్నాయి. ఇది కాకతాళీయమా? రెండవది, అత్తగారు రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర, బీపీ మాత్ర, షుగరు మాత్ర వేసుకుంటారు. ఆమెకు ఈ ఇట్రాకోనజోల్ సరిపడుతుందా? బట్టల విషయంలో ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పగలరా? మా అపార్టుమెంటులో ఎండ తగిలేది మేడ మీదే, వానాకాలంలో బట్టలు రెండు రోజులకు కూడా ఆరవు.

జవాబు: ఉక్కునగరం ఉద్యోగి

సోదరీ, మా విభాగంలో ఈ జబ్బు చాలామంది పడ్డారు, నేనూ పడ్డాను. మందుల గురించి డాక్టర్లు చెప్పారు కాబట్టి బట్టల గురించి మాత్రమే రాస్తాను. నాకు జబ్బు తగ్గిన తరువాత మళ్ళీ రాకుండా ఉన్నది ఈ జాగ్రత్తల వల్లనే అని నమ్ముతున్నాను.

డ్యూటీ దిగాక తడి యూనిఫారంతో బస్సెక్కి ఇంటికి రావడం మాన్పించండి. లాకరులో ఒక జత పొడి బట్టలు, పలుచని నూలు లోదుస్తులు, ఒక తువ్వాలు ఉంచుకుని, అక్కడే స్నానం చేసి మార్చుకుని రమ్మనండి. లాకరులో తడి బట్టలు వదిలేస్తే ఆ వాసన మీకే తెలుస్తుంది. వాటిని ఏ రోజుకు ఆ రోజు సంచిలో పెట్టి ఇంటికి తేవాలి. బిగుతైన జీన్సు కొంతకాలం పక్కన పెట్టాలి. సముద్రపు గాలిలో తేమ ఉన్న మన ఊళ్ళో ఒంటి చెమట ఆరడమే కష్టం, దాని మీద బిగుతు బట్ట వేస్తే ఇక చెప్పనక్కర్లేదు.

జబ్బు ఉన్నవారి బట్టలు, దుప్పట్లు మిగిలినవాటితో కలిపి నానబెట్టకండి. వేడి నీటిలో, 60 డిగ్రీల దాకా ఉంటే మంచిది, ఉతికి, తిరగేసి ఆరవేయండి. నడుము పట్టీ, కుట్ల దగ్గర తడి మిగిలిపోతుంది కాబట్టి లోపలి వైపుకే ఎండ తగలాలి. వానాకాలంలో ఆరని బట్టలను వేసుకునే ముందు నడుము పట్టీ, గజ్జల భాగం, కుట్ల మీద వేడి ఇస్త్రీ చేయండి. మా ఇంట్లో ఒకే తువ్వాలును ఇద్దరు ముగ్గురు వాడే అలవాటు ఉండేది. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో రంగు తువ్వాలు పెట్టుకున్నాం. బాబు దువ్వెన, టోపీ, దిండు గలీబు వేరుగా ఉంచండి. క్షవరం చేయించేటప్పుడు మిషను శుభ్రం చేయమని మొహమాటం లేకుండా అడగండి.

జవాబు: చర్మవైద్యురాలు, మహారాణిపేట

మొలతాడు విషయం కాకతాళీయం కాదు. స్నానం చేసిన తరువాత మనం ఒళ్ళు తుడుచుకుంటాం కాని తాడును తుడుచుకోము. నూలు పేట రోజంతా తడిగా చర్మానికి ఒరుసుకుంటూ ఉంటుంది, రాలిన పొలుసులు దాని పోగుల్లో చిక్కుకుంటాయి, మచ్చ తగ్గినా ఫంగస్ అక్కడ బతికే ఉంటుంది. మీ లంగా బొందుది కూడా ఇదే కథ. మన దేశపు చర్మవైద్యులు దీనిని గమనించి తమ సూచనల్లో ప్రత్యేకంగా చెబుతున్నారు. అత్తగారి నమ్మకాన్ని నొప్పించనక్కర్లేదు: చికిత్స జరిగినన్నాళ్ళూ నూలు తాడు తీసివేసి, తప్పనిసరి అనుకుంటే తుడిస్తే ఆరిపోయే సన్నటి వెండి మొలతాడు కట్టుకోవచ్చు. ఇలా చెప్పినప్పుడు పెద్దవారు చాలామంది సంతోషంగానే ఒప్పుకోవడం చూశాను. పాత తాడును దాచి మళ్ళీ కట్టవద్దు.

అత్తగారి గురించి మీరు అడిగిన ప్రశ్న చాలా అవసరమైనది. ఇట్రాకోనజోల్ క్యాప్సూలు కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది కాబట్టి మందు ఒంటికి పట్టదు. రోగి మాత్రం "మాత్రలు మింగినా తగ్గలేదు, మొండి రకం" అనుకుంటారు. అందుకే క్యాప్సూలును భోజనం చేసిన వెంటనే, కాస్త నూనె, నెయ్యి ఉన్న తిండి తరువాత వేసుకోమంటాం, గ్యాస్ మాత్ర ఆపవచ్చో లేదో విడిగా చూస్తాం. ఇంకో ముఖ్యమైన సంగతి: గుండె బలహీనంగా ఉండి కాళ్ళవాపు, ఆయాసం ఉన్నవారికి ఇట్రాకోనజోల్ తామర కోసం ఇవ్వకూడదు. కొలెస్టరాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్‌తో కలపకూడదు. బీపీకి వాడే అమ్లోడిపిన్ ప్రభావాన్ని ఇది పెంచవచ్చు. కాబట్టి ఆమె వేసుకునే మాత్రల అట్టలన్నీ, చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్ళండి. పేర్లు నోటితో చెబితే ఒకటి రెండు తప్పిపోతాయి. షుగరు అదుపులో లేకపోతే తామర తగ్గడం ఆలస్యమవుతుంది, ఆ పరీక్ష కూడా చేయించండి. ఆమెకు మాత్రలు సరిపడవని తేలితే స్టెరాయిడ్ కలవని పూత మందులతో, ఇంకొంచెం ఎక్కువ కాలం చికిత్స చేసే దారి ఉంది.

పూత మందు రాసే పద్ధతిలో కూడా చాలామంది పొరబడతారు. మచ్చ మధ్యలో ఎర్రగా ఉన్నచోట మాత్రమే రాసి వదిలేస్తారు. ఫంగస్ చురుకుగా ఉండేది అంచున, అంచు దాటి కంటికి కనిపించని చోట. అందుకని మచ్చ అంచుకు రెండు సెంటీమీటర్లు అవతలి నుంచి లోపలికి, రోజుకు రెండుసార్లు, మచ్చ పూర్తిగా పోయిన తరువాత కూడా మరో రెండు వారాలు రాయమని చెబుతాం. మాత్రలు ఎన్నాళ్ళన్నది మళ్ళీ చూసి డాక్టరు నిర్ణయించాలి. ఇప్పుడున్న పరిస్థితుల్లో నెలకు తక్కువ కాకుండా, తరచుగా అంతకంటే ఎక్కువ కాలమే పడుతోంది. దురద మొదటి పది రోజుల్లోనే తగ్గుతుంది. అది చూసి ఎవరూ మానవద్దు.

సోమవారం వెళ్ళేముందు ఆ ట్యూబును ఆపండి, కాని పారేయకండి, డాక్టరుకు చూపించండి. వెళ్ళే రోజు మచ్చల మీద నూనె, పౌడరు, పసుపు, ఆకు పసరు ఏదీ రాయకుండా వెళ్తే పొలుసు సరిగ్గా దొరుకుతుంది. బాబుకు తలకు నూనె పెట్టకుండా తీసుకురండి, గుండు మాత్రం చేయించవద్దు, పరీక్షకు ఆ విరిగిన వెంట్రుకలే కావాలి. ఈలోగా మచ్చ మెత్తగా ఉబ్బి చీము కారినా, జ్వరం వచ్చినా సోమవారం దాకా ఆగకండి, ఆ రోజే చూపించండి.